బొటనవేలంత మరక

(‘కాలవ పక్క అరుగు’ నవలలో తొమ్మిదో భాగం)

పోయిన వారం ఆ డబ్బా మూత తియ్యకుండానే ఆపేశాను. ఇవాళ తీస్తాను. తింటూ చదివేవాళ్ళెవరైనా ఉంటే ముందు తినెయ్యండి, చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఒక హోటల్లో గిన్నెలు కడిగాను. వెనక గది, కిటికీ లేదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి వేలాడే రబ్బరు గుడ్డ. పట్నంలో సగం మంది ఎంగిలి నా చేతుల మీదుగా పోయింది. ఒకరోజు ఇక నా వల్ల కాదనిపించింది. మా ఆవిడ పెరట్లో పెంచే కోళ్ళు నలభై దాటాయి కదా, గుడ్లమ్ముకుని బతుకుదామని మార్కెట్టులో అరుగు కోసం అర్జీ పెట్టాను.

ఆ మార్కెట్టు పద్ధతి వేరు. ఎవరు పెంచిన సరుకు వాళ్ళే అమ్మాలి. ఎక్కడో కొనుక్కొచ్చి అమ్మితే ఊరుకోరు. కొత్తవాడికి పాత వ్యాపారి ఒకరు హామీ ఉండాలి. ఆ హామీ ఉన్నవాళ్ళు తప్పు చేసి దొరికితే, వాళ్ళు తెచ్చిన కొత్తవాడు కూడా వాళ్ళతోపాటే బయటికి. నాలుగు సంతలు ఖాళీగా ఉన్న అరుగు మీద కూచుని చూపించుకోవాలి. నాలుగో సంత నాడు మధ్యాహ్నం మార్కెట్టు ఆఫీసరు గారు వచ్చి ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి.

నాకు హామీ ఉన్నది పక్క అరుగు పెద్దక్క. మార్కెట్టులో అందరికీ ఆవిడ పెద్దక్కే. ఆవిడదీ గుడ్ల వ్యాపారమే. అయినా నాకు హామీ ఉంది, ఎండ పడకుండా పట్టా కట్టించింది, కూచోడానికి పీట ఇచ్చింది. ఆ కృతజ్ఞత కొద్దీ మా ఆవిడ ప్రతి సంతకీ ఒక డబ్బా నిండా కోళ్ళ గూడు ఊడ్చిన రెట్ట పంపేది. పెద్దక్క అడిగింది మరి, కుండీల్లో మొక్కలు బలంగా వస్తాయని. గుడ్ల బుట్ట ఒక చేత్తో, రెట్ట డబ్బా ఒక చేత్తో మోసుకుంటూ వెళ్ళేవాణ్ణి.

మూడు సంతలైపోయాయి. పెద్దక్క బుట్టలు పదిగంటలకల్లా ఖాళీ. నావి మధ్యాహ్నానికి కూడా నిండుగానే ఉండేవి. జనం నా గుడ్లని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “ఇవి కంపెనీ గుడ్లలా ఉన్నాయే” అని పెట్టేసేవాళ్ళు. ఎందుకంటే నావి మెరిసేవి. తెల్లారగట్ల లేచి వేడినీళ్ళలో సోడా వేసి ఒక్కొక్కటీ పీచుతో తోమేవాణ్ణి. మురికి వస్తువు మనిషి చేతికిచ్చి డబ్బులు తీసుకోవడం నా వల్ల కాదు. దాంతో మార్కెట్టులో నాకు ‘తళతళ’ అని పేరు పడింది.

హోటల్ మేనేజరు నా రబ్బరు గుడ్డని మేకు నుంచి తియ్యలేదు. “సోమవారం దాకా చూస్తాను, రాకపోతే వేరేవాడికి తగిలిస్తా” అన్నాడు. నాలుగో సంత శనివారం నాడు పడింది.

ఆ శనివారం పొద్దున్నే కుట్టుమిషను అమ్మాయి వచ్చి నా అరుగు మీద డబ్బా పెట్టింది. రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. నా దగ్గర గుడ్లు కొన్న నలుగురైదుగురిలో ఒకతె.

“మూత మీరే తియ్యండి. నేనొకసారి తీశాను, చాలు” అంది.

తీశాను.

దాన్ని వాసన అనడానికి లేదు. ముక్కులోకి పోయి అక్కడే కాపురం పెట్టింది. బూడిద రంగు నీళ్ళు, వాటి మధ్య ఆకుపచ్చగా కదిలే ముద్ద. హోటల్లో మూడు రోజులు మూతపెట్టి మర్చిపోయిన గిన్నెలు కడిగాను. వాంతులు కడిగాను. ఎప్పుడూ ముఖం తిప్పుకోలేదు. ఆ పూట తిప్పుకున్నాను, ఎందుకంటే అది నేను అమ్మింది.

మురుగు కాలవ అవతల చేపలాయన కత్తి ఆపి ఇటు చూశాడు. “ఏం తళతళా, నా కొట్టుకి చెడ్డపేరు తెస్తావేంటి. జనం నా చేపలనుకుంటారు” అన్నాడు. ఆయన కొట్టు కింద నుంచే చేపల పేగులు, పొలుసులు, రాలిన కూరాకులు అన్నీ కలిసి కాలవలో ముద్దగా ఆగి ఉంటాయి. ఈగలు దాని మీద నుంచి లేచి నా డబ్బా మీదకొచ్చాయి. ఈగలకి కూడా ఇదే ఇష్టమైంది.

“ముగ్గురు పిల్లలకి నాలుగు గుడ్లు కొట్టానండీ” అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “మూడు బాగున్నాయి. నాలుగోది ఆ మూడిట్లోనే పడింది. ఇంకేం తింటారు. ఖాళీ కడుపుతో బడికి పోయారు. ఆ గిన్నె మూడుసార్లు తోమాను, ఇంకా వస్తోంది వాసన.”

గిన్నె తోమడం గురించి నాకు చెబుతోంది.

“అందరూ వద్దన్నారు, కంపెనీవేమో చూసుకోమన్నారు. నేనే, మనిషి శుభ్రంగా ఉన్నాడు, గుడ్లు శుభ్రంగా ఉన్నాయి, అబద్ధం ఆడడులే అనుకున్నాను. ఆఫీసులో చెప్పి వెళదామని వచ్చాను.”

ఆఫీసంటే ఇంకేముంది. మేకుకి వేలాడుతున్న ఆ రబ్బరు గుడ్డ కళ్ళ ముందుకొచ్చింది.

పెద్దక్క లేచి వచ్చింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని నిదానంగా లేస్తుంది ఆవిడ, కానీ లేచిందంటే వీధంతా జరిగి చోటిస్తుంది. “అమ్మాయ్, ఇటు చూడు. ఆయన కొత్త. తెలీక జరిగింది. ఆఫీసు దాకా ఎందుకు, ఈ ఆరూ పట్టుకెళ్ళు, నా చేత్తో ఇస్తున్నాను” అని తన బుట్టలోంచి గుడ్లు తీసి సంచీలో పెట్టింది.

కుట్టుమిషను అమ్మాయి వాటిని చూసింది. ఒక్కొక్క దాని మీద ఎండిన రెట్ట, గడ్డిపరక. ఆ ముఖం తేటపడింది. “ఇవీ కోడి పెట్టినట్టున్న గుడ్లు” అని, నా వంక మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయింది. డబ్బా మాత్రం నా దగ్గరే వదిలేసింది.

డబ్బాని కాలవలో ఒంపి వచ్చాను. పెద్దక్క నా పీట మీద కూచుని ఉంది.

“కడుగుతున్నావా?”

“కడగకుండా ఎలా అక్కా.”

“చన్నీళ్ళా?”

“వేడినీళ్ళే. సోడా వేసి.”

ఆవిడ నుదురు కొట్టుకుంది. “సోడా. పీచు కూడానా? సరిపోయింది. తమ్ముడూ, గుడ్డు మీద కంటికి కనపడని పొర ఒకటుంటుంది. కోడి తన ఒంట్లోంచి ఇచ్చి పంపుతుంది దాన్ని. అది గీకేస్తే పెంకు నిండా కన్నాలే. నీ సోడా నీళ్ళు లోపలికి పోతాయి, రెండు రోజులు ఎండ తగిలితే కుళ్ళక ఏం చేస్తుంది. గిన్నెలు కడిగినవాడివి, గుడ్డుకీ గిన్నెకీ తేడా తెలీదా.”

మా ఆవిడ నాకెప్పుడో చెప్పింది, కడగొద్దని. నీకేం తెలుసులే అన్నాను. మూడు సంతల్లో నా దగ్గర కొన్నవాళ్ళంతా గుర్తొచ్చారు. ఎన్ని గిన్నెల్లో, ఎంతమంది పిల్లల ముందు పగిలాయో. శుభ్రం శుభ్రం అని నేను విర్రవీగింది ఇందుకు. నా చేతులు చూసుకుంటే నాకే రోత పుట్టింది.

“బాధపడకు” అంది పెద్దక్క. తన బుట్టలోంచి గుడ్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. “ఇదిగో, ఇలా ఉండాలి. పొడిగుడ్డతో పైపైన తుడువు, మిగతాది వదిలెయ్. మురికే మన సాక్ష్యం.”

చూశాను. ఎర్ర పెంకు, లావుపాటి చివర రెట్ట మరక. నాలాంటివాడికి అలాంటిది ఇవ్వకూడదు. పంతొమ్మిదేళ్ళు మరక కనపడితే గీకిన వేలు నాది, నన్ను అడగదు. వినడం వింటూనే ఉన్నాను, బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. రెట్ట పొలుసులా లేచింది.

కింద నీలంగా ఏదో ఉంది.

ఎండలోకి పెట్టి చూశాను. అప్పట్లో అక్షరాలు నాకు అంతంతమాత్రం, అంకెలు మాత్రం వచ్చు. గుండ్రటి ముద్ర, మధ్యలో తేదీ, కింద నెంబరు. కోళ్ళ కంపెనీవాళ్ళు గుడ్డు మీద కొట్టే ముద్ర. హోటలుకి అట్టలు అట్టలుగా వచ్చేవి అవే. ఆ నీలం నాకు బాగా తెలుసు, కడిగినా పోదు.

ఆవిడ బుట్ట మీదకి వంగాను. ఇంకోటి తీశాను. మరక అక్కడే. ఇంకోటి. అక్కడే. అన్నిటికీ లావుపాటి చివర, బొటనవేలంత మరక, ఒకే కొలత. మా ఇంట్లో నలభై కోళ్ళున్నాయి. ఒక్కటి కూడా అంత పద్ధతిగా రెట్ట వెయ్యదు.

“ఇవి నీ కోళ్ళవి కాదు” అన్నాను.

పెద్దక్క కంగారు పడలేదు. చుట్టూ ఒకసారి చూసి, “కాదు” అంది. “నెమ్మదిగా మాట్లాడు.”

“నీ కోళ్ళేవి?”

“పోయి మూడేళ్ళైంది. తెగులొచ్చింది. ఒక్క వారంలో అన్నీ మెడలు వాల్చాయి. గొయ్యి తీసి తగలబెట్టాను. కొత్త పిల్లలు తెచ్చి పెద్దయ్యేదాకా అరుగు ఖాళీగా ఉంటే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఒక్క నెల నెట్టుకొద్దామని కంపెనీ గుడ్లు తెచ్చాను. ముద్ర కనపడకుండా కాస్త పులిమాను. జనం చూసి, వాసన చూసి, ‘అసలైనవి’ అని ఎక్కువ ఇచ్చి పట్టుకెళ్ళారు. కోళ్ళున్నప్పుడు కూడా అంతలా కొనలేదు తమ్ముడూ. ఇక కోళ్ళెందుకు చెప్పు.”

“మూడేళ్ళా?”

“పళ్ళెంలో శుభ్రం కావాలి వాళ్ళకి, బుట్టలో మురికి కావాలి. నేనేం చెయ్యను.”

అప్పుడు కనపడింది నాకు, ఆవిడ అరుగు కింద గోనెపట్టా చాటున. మా ఇంటి డబ్బా. మా ఆవిడ మూత పోకుండా తాడుతో కట్టి ఇచ్చిన డబ్బా. మూత తీసి ఉంది. లోపల రెట్ట నీళ్ళు పోసి మెత్తగా కలిపి ఉంది, అందులో పుల్ల గుచ్చి ఉంది.

“కుండీల్లో మొక్కలకన్నావు” అన్నాను.

ఆవిడ కాలితో గోనెపట్టా సర్దింది.

“అక్కా, అది మా కోళ్ళది.”

“మీదే. నువ్వొచ్చే ముందు రోడ్డు మీద ఏది దొరికితే అది ఎత్తుకొచ్చేదాన్ని. కుక్కదో మేకదో, అది ఇలా పట్టుకోదు, ఎండితే రాలిపోతుంది. మీ కోళ్ళది బాగా అంటుకుంటుంది.” మెచ్చుకుంటున్నట్టే అంది. “నువ్వు అరుగు కావాలని తిరుగుతున్నప్పుడు మీ ఇంట్లో నలభై కోళ్ళున్నాయని విన్నాను. ఉత్తినే హామీ ఉంటానా మరి.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ రోత కిందే పోయాయి. మూడు సంతలుగా నా కోళ్ళ గుడ్లు అమ్ముడుపోలేదు. నా కోళ్ళ రెట్ట మాత్రం పదిగంటలకల్లా చెల్లిపోయింది. దాన్ని నేనే మోసుకొచ్చాను, నా చేత్తోనే ఆవిడకి అందించాను, దండం కూడా పెట్టాను. పొద్దున ఆ అమ్మాయి ముఖం తేటపడింది దాన్ని చూసే. ఇంటికెళ్ళి ఆ చేత్తోనే పిల్లలకి వండుతుంది.

“ఇలా ఇవ్వు” అని పెద్దక్క నా చేతిలోంచి గీకిన గుడ్డు తీసుకుంది. బొటనవేలు నోట్లో పెట్టి ఉమ్మితో తడి చేసుకుంది. వంగి డబ్బాలో ముంచింది. ముద్ర మీద పెట్టి ఒక్కసారి తిప్పింది. పైన రెండు గడ్డి తునకలు అద్దింది. మళ్ళీ నా ఎడమ చేతిలో పెట్టింది.

“అంతే పని. నీ గుడ్లు కడగడం మానెయ్, నీ దగ్గర లేని రోజు ఇవి కలుపుకో. నేను తెప్పిస్తాను.”

ఆ గుడ్డు చల్లగా, జిగటగా ఉంది. నా చేతిలో నుంచి దాన్ని ఎందుకు పడేయలేదో ఇప్పటికీ తెలీదు.

“నేను చెప్పేస్తే?” అన్నాను.

“చెప్పు.” పెద్దక్క తన అరుగు మీదకెళ్ళి కూచుంది. “ఇవాళ నీ లెక్కే కాదు, నా అరుగు ఏడాది గడువు కూడా అయిపోతుంది. పక్క అరుగువాళ్ళు నా సరుకు నాదేనని పుస్తకంలో వేలిముద్ర వెయ్యాలి. నీ ముందు ఇక్కడ ఆకుకూరల ముసలాయన ఉండేవాడు. చూపు ఆనేది కాదు పాపం. ఏడాదికోసారి ‘నా కళ్ళారా చూశాను’ అని వేలు వేసేవాడు. ఆయన పోయాడు. ఇటు పక్క గోడ. అటు పక్క నువ్వు. గోడకి వేలు లేదు.”

బుట్ట సర్దుకుంటూ, “నేను పోతే నువ్వూ పోతావు తమ్ముడూ, ఆ సంగతి మర్చిపోకు” అంది. బెదిరించినట్టు లేదు. వాన వచ్చేలా ఉంది గొడుగు పట్టుకెళ్ళు అన్నట్టు అంది.

ఆఫీసరు గారు పన్నెండు దాటాక వచ్చారు. చంకలో పెద్ద పుస్తకం, చేతిలో నీలం సిరా మెత్త. నా అరుగు దగ్గరకి రాగానే రుమాలు ముక్కుకి పెట్టుకున్నారు.

“ఏంటీ కంపు?”

“నాది కాదండోయ్” అన్నాడు చేపలాయన అవతల నుంచి.

పెద్దక్క అందుకుంది. “కొత్త మనిషి కదండీ, గుడ్లు కడిగేస్తున్నాడు. ఒకటి చెడింది. నేను నేర్పాను, ఇక కడగడు.”

ఆఫీసరు గారు నవ్వారు. “కడగడమేంటయ్యా. మా ఇంట్లో పెద్దక్క గుడ్లే. మా ఆవిడ ఆ మురికి చూసి గానీ సంచీలో వేసుకోదు. ఆవిడ పక్కన కూచుంటున్నావు, చూసి నేర్చుకో. మనిషివి నిజాయితీపరుడివని అందరూ అంటున్నారు, అరుగు నీకే రాస్తున్నాను.”

నాలుగు వారాలుగా ఆ మాట కోసమే చూశాను. అది చెవిలో పడితే ఎగిరి గంతేస్తాననుకున్నాను. చెవిలో కూడా జిగటగానే తగిలింది.

పుస్తకం నా అరుగు మీద తెరిచారు. “ముందు పెద్దక్కది అవ్వనీ. ఆవిడది ఖాయమైతేనే నీ హామీ నిలుస్తుంది. విను: ‘పక్క అరుగు ఆవిడ కోళ్ళను నేను కళ్ళారా చూశాను. ఆవిడ అమ్మే గుడ్లు ఆ కోళ్ళవే.’ సరేనా? వేలు వెయ్యి.”

బొటనవేలు చాచాను. ఆఫీసరు గారు గబుక్కున పుస్తకం వెనక్కి లాక్కున్నారు.

“ఛీ, ఆ వేలేంటయ్యా. కాగితం పాడవుతుంది.”

చూసుకున్నాను. గోరు నిండా నల్లగా రెట్ట, వేలు చివర పచ్చిగా.

“నా గుడ్డ ఉంది, తుడుచుకో తమ్ముడూ” అని పెద్దక్క చెంగులోంచి తీసి అందించింది. మోకాలి మీద చెయ్యి వేసుకోకుండానే లేచి వచ్చేసింది. అంతసేపట్లో మొదటిసారి చూశాను ఆ కంగారు.

“తుడిస్తే పోదండీ” అన్నాను ఆఫీసరు గారితో. “కాసిని నీళ్ళు కావాలి.”

చేపలాయన తన తొట్టి కాలవ మీదుగా ఇటు అందించాడు. పైన రెండు పొలుసులు తేలుతున్నాయి. అయినా నీళ్ళే.

తొట్టి ముందు కూచున్నాను. మా ఆవిడ ఆ పూట బయల్దేరేటప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. “ఎలాగైనా ఆ అరుగు తెచ్చుకోండి. ఆ రబ్బరు వాసన మళ్ళీ ఇంట్లోకి వద్దు.” మేకు గుర్తొచ్చింది. ఆ వెంటనే కుట్టుమిషను అమ్మాయి గుర్తొచ్చింది, మనిషి శుభ్రంగా ఉన్నాడు, అబద్ధం ఆడడులే అన్న అమ్మాయి.

కుడి చెయ్యి ముంచాను. ఎడమ చెయ్యి కూడా ముంచాను. పెద్దక్క ముద్ర మీద రెట్ట పులిమిన ఆ గుడ్డు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

పంతొమ్మిదేళ్ళు కడిగిన చేతులు. నీళ్ళు తగలగానే వాటి పని అవి మొదలుపెట్టాయి. నీళ్ళు ముందు పసుపయ్యాయి, తరవాత నల్లగా అయ్యాయి.

పెద్దక్క నా ముఖం చూడటం లేదు, తొట్టిలోకే చూస్తోంది.

“గుడ్డు కడగకూడదని పొద్దున్నే చెప్పానా తమ్ముడూ” అంది, నాకొక్కడికే వినపడేంత మెల్లిగా.

ఆఫీసరు గారు రుమాలు ముక్కు మీదే ఉంచుకుని, నా భుజం మీదుగా తొట్టిలోకి వంగారు.